పగడానికి మేత ఎవరు పెడతారు?

కళింగపట్నం దగ్గర వంశధార కడలిలో కలిసేచోట వానాకాలపు నీరు చూశారా? ఒండ్రుతో మసకగా ఉంటుంది. అలాంటిచోట పగడపు దిబ్బలు పెరగవు. ఎందుకంటారా? పగడం రాయి కాదు, జంతువు. దాని కణాల్లో సూక్ష్మశైవలాలు కాపురముంటాయి. ఎండతో అవి వండిన చక్కెరే దానికి ముఖ్యాహారం. వెలుగు తగ్గితే పొయ్యి ఆరినట్లే! రాత్రివేళ మాత్రం స్పర్శకాలు చాచి, కొట్టుకొచ్చే చిన్న జీవులను కుట్టి పట్టుకుంటుంది.

గాజుతొట్టెలో పెంచేవారు ఈ రెండు భోజనాలూ అమర్చాలి. పైన బలమైన దీపం; లోపల ఆర్టీమియా పిల్లలు. మన తీరంలో రొయ్యపిల్లల హేచరీలవారు వాడే మేతే అది. లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుండాలి. వంటింటి ఉప్పు చాలదు, అస్థిపంజరానికి కాల్షియం కావాలి. నీరు ఒకటిరెండు డిగ్రీలు అదనంగా వేడెక్కి వారాలపాటు అలాగే ఉంటే, శైవలాలు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది, పస్తుంటుంది.

అయితే, మన సముద్రం నుంచి దిబ్బలు కట్టే పగడాలను తేవడం నేరం. 2001 నుంచి వాటికి పులికున్న చట్టరక్షణే ఉంది.