పూత పిందె కావాలంటే

సంక్రాంతి వెళ్ళిందో లేదో, కృష్ణగిరి చుట్టుపట్ల తోపులన్నీ పూతతో బరువెక్కుతాయి. మనం యిక్కడ బెంగళూరా అనీ, చిత్తూరు వైపు మనవారు తోతాపురి అనీ పిలుచుకునే కాయే యీ సీమ గుజ్జు ఫ్యాక్టరీలకు ఆధారం. పూత చూసే తోపును గుత్తకిచ్చే యిళ్ళు మనలో వున్నాయి. ఆ రోజుల్లో రాత్రులు మరీ చలిగా వుంటే పెద్దల ముఖాలు చిన్నబోతాయి. "పూతకేం, గంపెడు! పిందె నిలవాలి గదా!" అంటారు.

ఆ మాట వెనుక యెంత కథ వున్నదో మాకు యిటీవలనే తెలిసింది.

మామిడి పూగుత్తిలో పూలు వందలు, వేలు. వాటిలో చాలావరకు మగపూలు; కాయ కాగల పూవుకు సైతం అండం ఒక్కటే. ఈగ తెచ్చిన పుప్పొడి రేణువు కీలాగ్రం మీద వాలినంత మాత్రాన పని కాదు. దానిలోంచి సన్నని గొట్టం మొలిచి, కీలం గుండా దిగి, ఆ ఒక్క అండాన్ని చేరాలి. 1824లో ఇటలీ శాస్త్రజ్ఞుడు అమీచి యీ గొట్టాన్ని చూసింది యే అపురూప పుష్పంలోనో కాదు, మనం పప్పులో వేసుకునే గంగవావిలి కూర పువ్వులో!

ఈ గొట్టం ఒళ్ళంతా పెరగదు, కొన ఒక్కటే పెరుగుతుంది. కావలసిన సామగ్రి చిన్న చిన్న తిత్తులలో లోపలినుంచి వచ్చి కొన దగ్గరి పొరలో కలిసిపోతుంది. గొట్టం ఆ మేరకు సాగుతుంది.

మరి కొన యేదో కణానికి యెలా తెలుస్తుంది? కణం పొర రెండు వరసల కొవ్వు అణువులతో అయినది, రెండు చీరలు కలిపి కుట్టిన బొంతలాగ. రెండు వరసలూ ఒకటి కావు. ఫాస్ఫటిడైల్ సెరీన్ అనే కొవ్వు లోపలి వరసలోనే యెక్కువగా వుండాలి. దాని రుణవిద్యుత్తును ఆసరా చేసుకునే, దిక్కు చూపే మాంసకృత్తులు అక్కడ నిలుస్తాయి. అయితే కొవ్వు అణువు తనంతట తాను వరస దాటడం బహు కష్టం. తలకు నీరు కావాలి, దారిలో వున్నవన్నీ నీటిని సహించని తోకలు. దాటించే పని ఫ్లిప్పేసులనే మాంసకృత్తులది. పొరలోనే వుండి, ఏటీపీ అనే యింధనం ఖర్చు పెట్టి, బయటి అణువును పల్టీ కొట్టించి లోపలికి చేరుస్తాయి. ఒక వరసలో అణువులు యెక్కువైతే పొర వంగుతుంది. తిత్తులు విడివడడానికి ఆ వంపూ కావాలి.

ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో యిటువంటివి 12 వున్నాయి. వాటిలో ఏఎల్ఏ3 లేకుండా చేసి చూసిన ఫలితాలు 2013లో వెలువడినవి. పుప్పొడి దెబ్బతిన్నది, యెండ, చలి మార్పులకు మొక్క తట్టుకోలేకపోయింది. 2015లో ఏఎల్ఏ6, ఏఎల్ఏ7 జంట సంగతి తేలింది. అవి రెండూ లేకపోతే పుప్పొడి సత్తువ తగ్గుతుంది.

అది ఆవజాతి మొక్క, మనది మామిడి, తొందరపడి ముడిపెట్టరాదు. కాని చలి రాత్రులలో మామిడి పుప్పొడి సరిగా మొలవదన్నది మాత్రం నిజమే.

మా యింట యిప్పుడు గుత్త మాట పూతనాడు యెత్తడం లేదు. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా ఆగుతున్నాము. బేరగాళ్ళకు యిది నచ్చలేదు.