పన్ను బరువు ఎవరి మీద పడుతుంది?

పన్ను ఎగ్గొడితే నేరం. చట్టంలో సందు చూసుకుని తగ్గించుకుంటే నేరం కాదు. మరి న్యాయమేనా? సుప్రీంకోర్టులో దీనికి గట్టిగా జవాబిచ్చింది ఒక తెలుగు న్యాయమూర్తే. కేసు కూడా హైదరాబాద్ నుంచి వెళ్లిందే. మెక్‌డోవెల్ మద్యం కంపెనీ ఎక్సైజ్ సుంకాన్ని కొనుగోలుదార్ల చేతనే నేరుగా ఖజానాకు కట్టించేది. ఆ సొమ్ము తమ బిల్లులో లేదు గనుక దానిమీద అమ్మకం పన్ను పడదని వాదించి, 1985లో ఓడిపోయింది. జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి విడిగా తీర్పు రాస్తూ, జిత్తులమారులు దించుకున్న బరువు అమాయకులైన మంచి పౌరుల భుజాల మీదకే చేరుతుందని తేల్చారు. ఈ విషయంలో ఇంతకు మించిన మాట నేను చదవలేదు.

ఇంగ్లండులో 1935 నాటి కేసు దీనికి పూర్తిగా ఎదురు. వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ తన తోటమాలి జీతంలో పెద్దభాగాన్ని దస్తావేజు రాసి భత్యంగా మార్చాడు. తోటపని మారలేదు, వారం వారం అందే డబ్బూ మారలేదు. డ్యూక్ పన్ను మాత్రం తగ్గింది. కోర్టు ఆయన్నే గెలిపించింది.

మన చట్టం చివరికి చిన్నప్పరెడ్డి వైపే మొగ్గింది: ప్రధానంగా పన్ను తప్పించుకోవడానికే అల్లిన ఏర్పాట్లను తోసిపుచ్చే నిబంధనలు మన దేశంలో 2017 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాయి.

చట్టాన్ని మీరే ఎగవేత సంగతికొస్తే, 1970ల మొదట్లో మన ఆదాయపు పన్ను పై శ్లాబు రేటు, సర్‌చార్జితో కలిపి, 97.75 శాతం. అంటే ఆ శ్లాబులో సంపాదించిన ప్రతి వంద రూపాయల్లో మిగిలేది రెండుంపావు. ఎగవేతకు ఈ రేట్లే ముఖ్య కారణమని, ప్రత్యక్ష పన్నుల మీద విచారణకు ప్రభుత్వం వేసిన వాంఛూ కమిటీ చెప్పింది. అది అన్యాయమైన రేటే. అయినా జీతగాడికి దాచుకునే దారి అప్పుడూ లేదు.

పన్ను కట్టనివాళ్లే అయినా చీరాల-పేరాల జనం సంగతి వేరు. 1921లో మునిసిపల్ పన్నులు మోయలేక, నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊరే ఖాళీ చేసి, రామనగర్ పాకల్లో నెలల తరబడి కష్టాలు పడ్డారు. పన్ను కట్టబోమని బాహాటంగా చెప్పి, ఫలితం తామే అనుభవించారు. దొంగ లెక్కలు రాసేవాణ్ని వాళ్ల పక్కన నిలబెట్టకూడదు.

ఇక స్థలాల బేరాల్లో ‘వైట్ ఇంత, బ్లాక్ ఇంత’ అన్నది మనకు కొత్త కాదు. దస్తావేజులో ధర తగ్గించి రాస్తే అమ్మినవాడి పన్ను, కొన్నవాడి స్టాంపు ఖర్చు తగ్గుతాయి. కానీ కొన్నవాడు రేపు అమ్మబోతే, దస్తావేజులో ఉన్న తక్కువ ధరే అతను కొన్న ధర. లాభం పెద్దదిగా కనబడి పన్ను మీద పడుతుంది. దాన్ని తప్పించుకోవడానికి అతనూ బ్లాక్ అడుగుతాడు.