తగ్గింపు అంటే మనల్ని మనం తిట్టుకోవడమా?

ఈ ఎపిసోడ్‌లో తగ్గింపు గురించి మాట్లాడుకుందాం. చాలాసార్లు విన్న మాటే. కానీ సోమవారం పొద్దున్నుంచి శనివారం రాత్రి వరకు అది మన జీవితంలో ఎలా కనబడాలి?

ముందు నా సంగతి చెప్తాను. చర్చిలో నేను కీబోర్డు వాయిస్తాను. ఒకసారి ఆరాధనకు ముందు ప్రాక్టీస్ చేస్తుంటే, నాకంటే ఆరేళ్లు చిన్నవాడు, "అన్నా, రెండో చరణంలో స్వరం తప్పుతోంది" అన్నాడు, అందరి ముందూ. వాడు చెప్పింది కరెక్టే. నేను మాత్రం, "ఓహో, ఇప్పుడు నాకు నువ్వు నేర్పిస్తావా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. తర్వాత మూడు వారాలు ప్రాక్టీస్‌కే రాలేదు.

విచిత్రం ఏంటంటే, ఆ రోజే అరగంట తర్వాత నేను మైకు పట్టుకుని, "ప్రభువా, నేను ధూళిని, ఎందుకూ పనికిరానివాణ్ణి" అని ప్రార్థన చేశాను! దేవుని ముందు ధూళినని చెప్పుకోవడం తేలికే. తమ్ముడి ముందు "అవునురా, తప్పు నాదే" అనడమే కష్టం.

ఇప్పుడు యోహాను సువార్త 13వ అధ్యాయం తెరవండి. ఫోన్‌లో బైబిల్ యాప్ ఉంటుంది కదా! ఆ రోజుల్లో జనం చెప్పులేసుకుని మట్టి దారుల్లో నడిచేవాళ్లు. ఇంటికొచ్చినవాళ్ల కాళ్లు కడగడం దాసులు చేసే పని. లూకా 22వ అధ్యాయం చూస్తే, ఆ రాత్రే శిష్యులు తమలో ఎవరు గొప్ప అని వాదించుకున్నారు. అలాంటి రాత్రి ప్రభువే భోజనం దగ్గర నుంచి లేచి, తువాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి వాళ్ల కాళ్లు కడిగాడు. తనను అప్పగించబోయే యూదా కూడా అక్కడే ఉన్నాడు.

మూడో వచనం జాగ్రత్తగా చదవండి. తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని ఆయనకు తెలుసు. ఎక్కడ నుంచి వచ్చాడో, ఎక్కడికి వెళ్తున్నాడో తెలుసు. అవన్నీ తెలిసే తువాలు కట్టుకున్నాడు. అంటే తగ్గింపు మనల్ని మనం తిట్టుకోవడం కాదు. నేను ఎవరి బిడ్డనో నాకు గట్టిగా తెలిస్తే, నా గొప్పతనం ప్రతిచోటా నిరూపించుకోవాల్సిన పని ఉండదు. ఆ రోజు కీబోర్డు దగ్గర నేను మర్చిపోయింది ఇదే.

ఇంకో మాట. తగ్గింపు అంటే అన్యాయాన్ని నోరు మూసుకుని భరించడం కూడా కాదు. యోహాను 18లో ఒక బంట్రౌతు కొట్టినప్పుడు, నన్నెందుకు కొట్టావని ప్రభువు అడిగాడు. తిరిగి కొట్టలేదు, కానీ అడిగాడు. మిమ్మల్ని ఎవరైనా హింసిస్తుంటే, "తగ్గించుకో" అన్న మాటకు భయపడి దాచకండి. నమ్మకమైన పెద్దవాళ్లకు చెప్పండి.

సరే, ఈ వారం ఏం చేద్దాం? ఎవరికైనా సహాయం చేస్తే ఒక్కటైనా స్టేటస్‌లో పెట్టకుండా ఉండండి. వాచ్‌మన్‌ని, డెలివరీకి వచ్చినవాళ్లని "మీరు" అని పిలవండి. ఇంట్లో అమ్మ చెప్పకముందే మీరు తిన్న కంచం మీరే కడగండి. క్షమాపణ అడిగేటప్పుడు "కానీ" అనే మాట తీసేయండి.

ఆ చివరిది నేను నేర్చుకున్నది ఆ తమ్ముడి ఇంటి గుమ్మం దగ్గరే. "సారీరా, కానీ నువ్వు అందరి ముందు..." అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "సారీరా, నువ్వు చెప్పిందే కరెక్ట్" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లోపలికి రండన్నా, టీ తాగుదాం" అన్నాడు.

మీరు ఎవరి గుమ్మం దగ్గరికి వెళ్లాలో మీకు తెలుసు. ఈరోజే ఆ ఫోన్ చేయండి. దేవుడు మిమ్మల్ని దీవించును గాక. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.