ప్రధాన సంఖ్యలవలె గన్పట్టు సంఖ్యలు

ఒకటికంటె పెద్దదై, ఒకటిచేతను తనచేతను దక్క మఱి యే సంఖ్యచేతను నిశ్శేషముగా భాగింపబడని సంఖ్యను ప్రధాన సంఖ్య యందురు. ఈ నిర్వచనము నొప్పజెప్పలేని విద్యార్థి అరుదు. అయినను 91 ప్రధాన సంఖ్యయా యని యాకస్మికముగా నడిగినచో, అవునని బదులు చెప్పువారే పెక్కురు. పరీక్షలో 91/119 అను భిన్నమును చూచి, దీని నింకను తగ్గింప వీలులేదని విడిచిపెట్టి మార్కులు పోగొట్టుకొనువారును వీరే. పైదానిని క్రిందిదానిని 7చే భాగించినచో 13/17 వచ్చును.

91 ఇట్లు భ్రమ గొల్పుటకు హేతువు కలదు. సరిసంఖ్యను కడపటి అంకెనుబట్టియే గుర్తింతుము. 5చే భాగింపబడునది 0తో గాని 5తో గాని ముగియును. అంకెల మొత్తము 3చే భాగింపబడినచో ఆ సంఖ్యయు 3చే భాగింపబడును; కనుక 51, 57, 87 అనువాని వేషము ఒక్క కూడికతో బయటపడును. (ఇరువదవ శతాబ్దపు గణితవేత్తలలో అగ్రగణ్యుడగు అలెగ్జాండర్ గ్రోతెన్‌డీక్, ఒక ప్రధాన సంఖ్యను ఉదాహరణముగా చెప్పుడనగా 57 అని చెప్పెనని యొక కథ ప్రచారమున నున్నది. 57 మూడు పందొమ్మిదులు.) ఈ మూడు పరీక్షలకును చిక్కక, నూఱులోపల మిగులు సంయుక్త సంఖ్యలు మూడే: 49, 77, 91. ఏడేళ్ళు నలువదితొమ్మిది యని యెల్లరకును కంఠస్థము. 77లో అంకెలు రెండును ఒక్కటే యగుటచే 11 కనబడుచునే యున్నది. ఇక 91 మాత్రము, ఏడవ యెక్కమును పదింటితోనో పండ్రెండింటితోనో నిలిపివేసినవారికి చిక్కదు. పదమూడవ యెక్కము వచ్చినవారికి "పదమూడేళ్ళు తొంబదియొకటి" యని నోటనే యుండును. ఎక్కములను ఇరువదివఱకు వల్లింపజేయు తల్లిదండ్రులపై విసుగుకొను బాలురు దీనిని గమనింతురు గాక.

7, 11, 13 అను మూడింటిని గుణింపగా 1001 వచ్చును. దీనివలన నొక చక్కని యుపాయము లభించుచున్నది. నాలుగు మొదలు ఆఱు వఱకు అంకెలు గల సంఖ్యలో, కుడివైపు మూడంకెలను వేఱుచేసి, వానికిని మిగిలినదానికిని గల భేదమును కనుగొనవలెను. ఆ భేదము పై మూడింటిలో దేనిచే భాగింపబడునో, మొదటి సంఖ్యయు దానిచే భాగింపబడును. 19,201 చూచుటకు ప్రధానమువలె నున్నది. 201లో 19 తీసివేయగా 182; అది 91కి రెట్టింపు. కావున 19,201 అనునది 7, 13, 211ల లబ్ధము. మూడంకెలను వెంటవెంటనే రెండుమాఱులు వ్రాసినచో, 127127 వలె, భేదము సున్న యగును. అట్టి సంఖ్య 7, 11, 13లచే భాగింపబడక తప్పదు. మిత్రులయెదుట ఈ వినోదమును ప్రదర్శింపవచ్చును.

ఎంతవఱకు భాగించి చూడవలెను? వర్గమూలమువఱకు చూచిన చాలును. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధమైనచో, ఆ రెండింటిలో నొకటి వర్గమూలమును మించజాలదు. వేయిలోపలి సంఖ్యకు 31వఱకు గల పదునొకండు ప్రధాన సంఖ్యలతో పని తీఱును.

పెద్ద సంఖ్యలయందు ఈ శ్రమ దుర్భరమగుటచే, పోలికనుబట్టి నిర్ణయింపవలెనను ఆశ కలుగును. 31, 331, 3331, 33331 ఇవన్నియు ప్రధానములే. ఇంకొక 3 చేర్చినను, మఱియొకటి చేర్చినను, వేఱొకటి చేర్చి 3,33,33,331 చేసినను ప్రధానమే. ఏడు సాక్ష్యములు దొరకినవి గదా యని యెనిమిదవదానిని నమ్మినచో మోసపోదుము: 33,33,33,331 = 17 × 1,96,07,843.

ఫ్రాన్సుదేశపు మహాపండితుడు ఫెర్మా కూడ ఇట్టి పోలికకు లోబడెను. 3, 5, 17, 257, 65,537 అను వరుసలో, ప్రతి సంఖ్యయు దానిముందున్నదానిలో 1 తీసి, వర్గము చేసి, మరల 1 కలుపగా వచ్చును. ఈ అయిదును ప్రధానములు. పిమ్మట వచ్చునవియు నట్టివే యని 1640 ప్రాంతమున నాతడు విశ్వసించెను. ఆఱవది 4,29,49,67,297. ఇది 641చే భాగింపబడుచున్నదని 1732లో ఆయిలర్ చూపెను. రెండవ కారణాంకము 67,00,417. ఈ సంఖ్యను భాగించు ప్రధాన సంఖ్య యేదైనను 64చే భాగింపగా 1 శేషింపవలెనని నిరూపింపవచ్చును. ఆ నియమమున కొదుగు ప్రధానములు 193, 257, 449, 577, 641 అని వరుసగా వచ్చును. అనగా అయిదవ ప్రయత్నముననే గుట్టు బయటపడుచున్నది!

ఆ ఫెర్మాయే నిర్దుష్టమైన వేఱొక నియమమును గూడ కనుగొనెను. 2 తప్ప ఏ ప్రధాన సంఖ్యనైనను గైకొని, దానికంటె ఒకటి తక్కువగా రెండ్లను గుణించి, ఆ ప్రధానముచే భాగించినచో 1 శేషించును. 7కు ఆఱు రెండ్లు 64. 63 పోగా 1. అయితే 1 శేషించినదెల్ల ప్రధానమా? 341 లోపల ఆ మాట నిజమే. 341 వద్ద తప్పిపోవును. పది రెండ్ల లబ్ధము 1024. అందు 341కి మూడింతలగు 1023 పోగా 1 మిగులును. 340 రెండ్లనగా అట్టి పదులు ముప్పదినాలుగు. కావున తుదకును 1 శేషించును. కాని 341 = 11 × 31. రెండ్లకు బదులు మూడ్లతో పరీక్షించినచో ఇది పట్టుబడును. 561 అంతకంటె గడుసుది. 3, 11, 17లు దాని కారణాంకములు; వానిచే భాగింపబడని యే సంఖ్యతో పరీక్షించినను ప్రధానమువలెనే నటించును. ఇట్టివానిలో మూడవది 1729. రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో కనిష్ఠమని రామానుజన్ హార్డీతో చెప్పిన సంఖ్య యిదియే: 1, 12ల ఘనములు, 9, 10ల ఘనములు. ఫెర్మా పరీక్షను మోసగించు నీ సంఖ్య మన 1001 ఉపాయమునకు మాత్రము వెంటనే దొరకును. 729లో 1 తీసిన 728. అది 91కి ఎనిమిదింతలు. ఈ జాతి సంఖ్యలకు అంతము లేదని 1994లో ఆల్ఫోర్డ్, గ్రాన్విల్, పోమరాన్స్ అను మువ్వురు నిరూపించిరి.

ఒక సంఖ్య ప్రధానము కాదని తెలియుట వేఱు, దాని కారణాంకములు తెలియుట వేఱు. 67 రెండ్లను గుణించి 1 తీసివేయగా వచ్చు 21 అంకెల సంఖ్య ప్రధానము కాదని 1876లో లూకాస్ నిర్ధారించెను. కారణాంకములు మాత్రము తెలియలేదు. 1903లో అమెరికాలో కోల్ వానిని వెల్లడించెను: 19,37,07,721 మఱియు 7,61,83,82,57,287. ఈ యంతరముమీదనే నేడు ఎన్నియో రహస్యములు నిలిచియున్నవి. 1977లో రివెస్ట్, షామిర్, ఏడిల్‌మన్ అనువారు కల్పించిన గూఢలిపిలో, రెండు మహాప్రధానముల లబ్ధము బహిరంగముగా నుండును. దానిని విడదీయుట దుర్ఘటమగుటయే తాళము. ప్రధానమగునో కాదో తెలిసికొనుట యంత కష్టము కాదు. సందేహమునకు తావులేకయు, అంకెలు పెరిగినకొలది శ్రమ మితిమీరకయు నిర్ణయించు పద్ధతిని 2002లో మన కాన్పూరు ఐ.ఐ.టి.యందలి మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా లోకమున కందించిరి. అప్పటికి కయాల్, సక్సేనాలు పట్టము పుచ్చుకొని యెంతో కాలము కాలేదు.

సెలవులలో తీఱిక గల విద్యార్థులకు నాలుగు సంఖ్యల నిచ్చుచున్నాము: 323, 437, 667, 1009. వీనిలో ప్రధానము ఒక్కటే.