రాలే పండా, కోసే పండా?

పొందూరు పెరళ్లలో నుయ్యి ఉంటే పక్కన ఓ కొబ్బరి చెట్టు, వాడిన నీళ్లు పారే వైపు నాలుగు అరటి పిలకలు ఉండడం మామూలే. ఇప్పుడు విశాఖ, శ్రీకాకుళం చుట్టుపక్కల తోట ఇళ్లలో ఈత కొలనులూ కనిపిస్తున్నాయి. గట్టున పళ్ల మొక్క వేద్దామనగానే ఇంట్లో పెద్దవాళ్లు వేళ్ల గురించి హెచ్చరిస్తారు. కానీ కొలనుకు ఎక్కువ ఇబ్బంది వచ్చేది కొమ్మల నుంచి.

వేళ్ల సంగతి ముందు తేల్చుకుందాం. వేరు కొన తేమను పసిగట్టి అటువైపు వంగుతుంది. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ 1880లో అచ్చు వేయించిన పుస్తకంలో దీనిమీద ప్రయోగాలున్నాయి. అయితే ఆ పసిగట్టడం దగ్గరి మట్టి వరకే. కొలను గోడ గట్టిగా ఉంటే అవతల ఎంత నీరున్నా వేరుకు తెలియదు. పగులులోంచి చెమ్మ ఊరితేనే అక్కడ దూరి, లావెక్కి, పగులును పెంచుతుంది. మర్రి, రావి, మేడి జాతి ఇందులో ఘనమైనది. అంజూర కూడా ఆ కుటుంబానిదే కనుక దూరంగా ఉంచాలి. కొబ్బరికి తల్లివేరు లేదు, ఉన్నవి లావెక్కని పీచు వేళ్లు. దాని ప్రమాదమల్లా తలమీద పడే కాయ, మట్ట.

ఇక రాలేవాటి లెక్క. నేరేడు చెట్టుమీదే పండాలి, కోశాక మాగదు. పండగానే తొడిమ దగ్గరి కణాల పొర విడిపోయి నేల రాలుతుంది. ఆ ఊదా రంగు పొందూరు ఖాదీ మీద పడితే ఎలా పట్టుకుంటుందో గట్టు రాళ్లమీదా అలాగే పట్టుకుంటుంది. నీటిలో పడ్డ పండు, ఆకు, పూత అన్నీ క్లోరిన్‌ను తినేస్తాయి, నాచుకు ఎరువవుతాయి. రాత్రిళ్లు పళ్లకోసం వచ్చే గబ్బిలాల రెట్టలో నత్రజని ఉంటుంది. అది క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు పుడతాయి. ఈదేవాళ్ల కళ్లు మండేది వాటివల్లే. మామిడికి మరో చిక్కుంది. పూత మీద తేనెమంచు పురుగు బంక విసర్జిస్తుంది, దానికి మందు కొడితే ఆ తుంపర్లు నీటిలో పడతాయి.

సపోటా తీరు వేరు. ముదిరిన కాయను గట్టిగా ఉండగానే కోసి ఇంట్లో మాగబెడతాం. అరటి గెల కూడా అంతే. దానిమ్మ పండినా కొమ్మను పట్టుకునే ఉంటుంది. కాకపోతే ముళ్లున్న రెమ్మలు ఒట్టి కాళ్లకు తగలకుండా చూసుకోవాలి. ఉప్పు సంగతీ చూసుకోవాలి. ఉప్పుతో క్లోరిన్ తయారుచేసుకునే కొలనుల్లో లీటరుకు సుమారు 3 గ్రాముల ఉప్పుంటుంది, సముద్రంలో అయితే 35. ఆ నీళ్లు చింది మట్టిలో చేరితే అరటి, నిమ్మ, మామిడి ఆకుల అంచులు మాడతాయి. సపోటా, కొబ్బరి బాగానే ఓర్చుకుంటాయి.

వాస్తు పాటించేవారు నీటిని ఈశాన్యాన, పెద్ద చెట్లను నైరుతిలో ఉంచుతారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు నైరుతి గాలి, నేరేడు పండేదీ ఆ గాలి మొదలయ్యే రోజుల్లోనే. నైరుతిలోని చెట్టు విదిలించిందంతా నేరుగా కొలనులోకి చేరుతుంది. ఆ దిక్కున చెట్టుంటే ఒక లాభమూ ఉంది: మధ్యాహ్నపు ఎండ ఆగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు క్లోరిన్‌ను కొన్ని గంటల్లోనే విరగ్గొడతాయి గనుక నీడ ఉంటే మందు ఆదా. కాబట్టి నైరుతి మూలకు రాలుడు తక్కువైన సపోటాయే తగినది. కొమ్మలు కత్తిరిస్తూ ఎత్తు అదుపులో ఉంచాలి.

ఎంత దూరం? 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను పడగొట్టింది. అలాంటి గాలులు వచ్చే నేలమీద, చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరంలో మొక్క నాటడం క్షేమం. పడినా కొలను మీద పడదు. అంత దూరం దొరికితే మామిడి, నేరేడు కూడా వేసుకోవచ్చు, కొలనుకు ఈశాన్యం వైపు: నైరుతి గాలికి రాలినవి నీటికి దూరంగా పోతాయి.