కెర్నెల్ సోర్సు – ప్యాకేజీల చిట్టా

గ్రంథాలయానికి పుస్తకం వస్తే ముందుగా రిజిస్టరులో ఎక్కించి, సంఖ్య వేసి, ఆ తరువాతనే బీరువాలో ఉంచుతారు. ఎవరో ఒకరు నేరుగా బీరువాలో పెట్టిపోతే ఆ పుస్తకాన్ని చదువుకోవచ్చు గాని, గ్రంథపాలకునికి దాని ఉనికే తెలియదు. లినక్స్ కంప్యూటరులో కెర్నెల్‌ను స్వయంగా నిర్మించుకొనేవారికి ఎదురయ్యే చిక్కు ఇటువంటిదే.

యంత్రభాగాలకు, మనం నడిపే ప్రోగ్రాములకు నడుమ నిలిచి పని జరిపించేది కెర్నెల్. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన దీని సోర్సును ఎవరైనా తెచ్చుకొని మార్చుకోవచ్చును. 1993లో ఇయాన్ మర్డాక్ స్థాపించిన డెబియన్ వంటి పంపిణీలు దానిని ప్యాకేజీగా కట్టి అందిస్తాయి. ఏ ఫైలు ఏ ప్యాకేజీకి చెందినదో డీపీకేజీ అనే ప్రోగ్రాము చిట్టా ఉంచుతుంది.

సోర్సును కంపైల్ చేసి 'మేక్ ఇన్‌స్టాల్' అని నేరుగా స్థాపిస్తే ఆ చిట్టాలో ఒక్క పంక్తి కూడా పడదు. తీసివేయదలచినప్పుడు ఏయే ఫైళ్ళు మనవో మనమే గుర్తుంచుకోవాలి. ఒకే వెర్షను పేరుతో మరల నిర్మిస్తే పాత మాడ్యూళ్ళ స్థానంలో కొత్తవి వచ్చి కూర్చుంటాయి. కొత్త కెర్నెల్ పనిచేయక పాతదానికి మరలుదామంటే, దానికి తగిన మాడ్యూళ్ళు అప్పటికే మాయమై ఉంటాయి!

కనుక మన కెర్నెల్‌ను కూడా ప్యాకేజీగానే కట్టుకోవడం మేలు. పూర్వం డెబియన్‌లో మనోజ్ శ్రీవాస్తవ రచించిన 'కెర్నెల్ ప్యాకేజ్' అనే సాధనం ఈ పనికి ప్రసిద్ధి. నేడు కెర్నెల్ సోర్సులోనే 'మేక్ బిన్‌డెబ్-పీకేజీ' అనే ఆజ్ఞ కలదు. పంపిణీ కెర్నెల్ కాన్ఫిగరేషన్ ఫైలును బూట్ డైరెక్టరీ నుండి నకలు తీసుకొని, 'లోకల్ వెర్షన్' అనే చోట మనదైన తోక పేరు తగిలించి, ఈ ఆజ్ఞ ఇస్తే ఇమేజ్, హెడర్స్ ప్యాకేజీలు వెలువడతాయి. ఇంతవరకు రూట్ అధికారమే అక్కరలేదు. డీపీకేజీతో స్థాపించేటప్పుడు మాత్రమే కావాలి. హెడర్స్‌ను చాలామంది వదలివేస్తారు. అవి లేనిదే బయటి డ్రైవర్లను కొత్త కెర్నెల్‌కు తగినట్లు నిర్మించడం సాధ్యం కాదు.

అయితే ఒక బరువు మిగిలే ఉంటుంది. పంపిణీవారు భద్రతా లోపాలను సవరించినప్పుడు ఆ సవరణ వారి కెర్నెల్‌కే వస్తుంది, మనదానికి రాదు. ప్రతిసారి కొత్త సోర్సు తెచ్చి మనమే తిరిగి కట్టాలి. అందుచేత వేగం పెరుగుతుందన్న ఆశ మాత్రమే ఉన్నవారు ఈ పనికి పూనుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ప్రత్యేకమైన డ్రైవరో, సవరణో నిజంగా అవసరమైనవారు మాత్రం, కొత్తది సరిగా నడిచిందని రూఢి అయ్యేవరకు పంపిణీ కెర్నెల్‌ను తొలగించరాదు.