సెగగడ్డలు: కారణములు, ఇంటిలో చేసికొనదగిన చికిత్స

దాళ్వా ధాన్యము కళ్లములలో ఆరబోయు దినములలో గోదావరి డెల్టా గ్రామములందు సెగగడ్డల బాధ హెచ్చుగా కనిపించును. చంకలో గాని, తొడమీద గాని, పిరుదుమీద గాని ఒక్క గడ్డ లేచినచో మనిషి గట్టుమీద నడవలేడు, కూర్చుండలేడు, బస్తా ఎత్తలేడు. పని ముమ్మరముగా ఉన్న సమయమున నాలుగు దినముల కూలి పోవును. చాలవరకు ఇది ఇంటిలోనే మానిపోవు జబ్బు. అయితే గడ్డను గోటితో చిదుముటవలన గాని, ఒంటిలో మధుమేహము ఉన్న సంగతి తెలియకపోవుటవలన గాని ఇదే జబ్బు ప్రాణముమీదికి వచ్చుటయు కలదు. కనుక ఏ గడ్డను ఇంటిలో మాన్పుకొనవచ్చునో, ఏ గడ్డతో వెంటనే ఆసుపత్రికి పోవలెనో ప్రతి రైతు కుటుంబము తెలిసికొని యుండుట అవసరము.

సెగగడ్డ అనగా నేమి?

మన ఒంటిమీది ప్రతి వెండ్రుకయు చర్మములోని ఒక చిన్న గుంటనుండి మొలచును. ఆ గుంటలో సూక్ష్మక్రిములు చేరి చీము పట్టించుటయే సెగగడ్డ. దీనికి సాధారణముగా కారణమగు క్రిమి పేరు స్టాఫిలోకాకస్ ఆరియస్. స్కాట్లండులోని అబర్డీన్ నగరపు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ గడ్డలనుండి తీసిన చీమును సూక్ష్మదర్శినితో పరీక్షించి ఈ జాతి క్రిములను గుర్తించెను. ద్రాక్షగుత్తులవలె గుంపులుగా కనిపించుటచే 1882లో స్టాఫిలోకాకస్ అను పేరు పెట్టెను.

ఈ క్రిమి ఎక్కడినుండియో వచ్చునది కాదు. పదిమందిలో సుమారు ముగ్గురి ముక్కు రంధ్రములలో ఏ బాధయు కలిగింపక కాపురముండును. చర్మము చెక్కు చెదరనంతవరకు లోపలికి పోజాలదు. గట్టు గట్టిగా ఉన్నంతకాలము కాలువ నీరు చేలో పడదు గదా! ఒక్క ఎలుక కన్నము ఉన్నచో అక్కడనే గండి పడును. చర్మమునకు గోకిన గీత, దోమకాటు, చెమటకాయ, ముల్లు గుచ్చుకొన్న చోటు, మంగలికత్తి గాటు అట్టి కన్నములే. లోపల చేరిన క్రిములతో రక్తములోని తెల్లకణములు పోరాడును. ఆ పోరులో చచ్చిన క్రిములు, కణములు కలిసినదే చీము.

మామిడిపండ్లు కారణమా?

‘సెగ’ అను మాటలోనే వేడి ఉన్నది. మామిడిపండ్లు తిని ఒంటికి వేడి చేయుటవలన గడ్డలు లేచునని మనవారి నమ్మకము. పండ్లును, గడ్డలును ఒకే ఋతువున వచ్చుటచే అట్లు తోచుట సహజము. కాని బంగినపల్లి అయినను, కొత్తపల్లి కొబ్బరి అయినను పండు గుజ్జు గడ్డను పుట్టింపదు. తొడిమవద్ద కారు సొన మాత్రము చర్మమును పొక్కించును. ఆ పొక్కునుండి క్రిమి లోపలికి పోవచ్చును. కాయను కడిగి, తొడిమ కోసి, సొన పోనిచ్చి తినుట మంచిది.

వేసవితో గడ్డలకు సంబంధము వేరు విధముగా కలదు. ఎండకు చెమట విపరీతముగా పట్టి చెమటకాయలు లేచును. గడ్డి నూగు ఒంటికంటి దురద పుట్టించును. దాళ్వా పంట అయిన పిదప కాలువలు కట్టివేయుటచే వాడుక నీటికి ఇబ్బంది కలిగి, స్నానము, బట్టల ఉతుకు వెనుకబడును. చెమటకు తడిసిన పంచెకట్టు, మొలత్రాడు ఒరయుచోట చర్మము చిట్లును. పిల్లలు తలలోని చెమటకాయలను, గజ్జి పొక్కులను గోళ్లతో గోకుటవలన ఒకటి తరువాత ఒకటిగా గడ్డలు లేచును.

ఇంటిలో చేయవలసిన చికిత్స

1. గడ్డను తాకుటకు ముందును, తరువాతను చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

2. కాపడము అన్నిటికంటె ముఖ్యమైనది. మరగించిన నీటిని చేయి ఓర్చునంత వేడికి చల్లార్చి, అందులో శుభ్రమైన గుడ్డను ముంచి, పిండి, గడ్డమీద ఉంచవలెను. గుడ్డ చల్లారగానే మరల ముంచి వేయవలెను. ఒక్కొక్క పర్యాయము 10 నుండి 15 నిమిషములు, దినమునకు 3, 4 పర్యాయములు ఇట్లు చేయవలెను. వేడికి ఆ చోటికి రక్తప్రసారము హెచ్చి తెల్లకణములు ఎక్కువగా చేరును. గడ్డ త్వరగా పండును. మధుమేహమువలన స్పర్శ తగ్గినవారికి కాలిన సంగతి తెలియదు. అట్టివారికి ఇంటిలో వేరొకరు గుడ్డ వేడిని తమ ముంజేతిపై చూచి వేయవలెను.

3. సాధారణముగా వారము పది దినములలో గడ్డ మెత్తబడి దానంతట అదే పగులును. అప్పుడు సబ్బునీటితో కడిగి, పొడిగా అద్ది, శుభ్రమైన గాజుగుడ్డతో కట్టు కట్టవలెను. కట్టు తడిసినప్పుడెల్ల మార్చవలెను. చీము పూర్తిగా పోవుటకు మరి రెండు మూడు దినములు కాపడము సాగింపవలెను.

4. చీము అంటిన గుడ్డలను వేడినీటిలో ఉడికించి ఎండలో ఆరవేయవలెను. రోగి వాడిన తువాలును, దుప్పటిని ఇతరులు వాడరాదు.

చేయరాని పనులు

గడ్డను నొక్కరాదు, సూదితో గాని ముల్లుతో గాని పొడవరాదు. నొక్కినప్పుడు చీము బయటికే వచ్చునను నమ్మకము లేదు. క్రిములు లోతునకు పోయి రక్తములో కలియవచ్చును. ముఖ్యముగా ముక్కుమీద, పైపెదవిమీద లేచిన గడ్డను ముట్టరాదు. ఆ చోటి రక్తనాళములకు తలలోపలి నాళములతో సంబంధము కలదు. విషము మెదడునకు ఎక్కినచో ప్రాణాపాయము.

కొందరు సున్నము, బెల్లము కలిపి పట్టు వేయుదురు. సున్నము చర్మమును కాల్చును. గడ్డకు తోడు పుండు పడును. పగిలిన గడ్డమీద పేడ, మట్టి, ఆకుపసరు పెట్టుట ఇంకను ప్రమాదము. పేడలోను, మట్టిలోను ధనుర్వాతపు క్రిములు ఉండును.

ఆసుపత్రికి ఎప్పుడు పోవలెను?

ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి కనిపించినను ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను.

- జ్వరము, వణుకు వచ్చుట.
- గడ్డనుండి ఎర్రని చార ప్రాకుట, చుట్టును వాపు వ్యాపించుట, చంకలోగాని గజ్జలోగాని బిళ్ల కట్టుట.
- గడ్డ ముఖముమీద, వెన్నెముకమీద లేచుట.
- గడ్డ నిమ్మకాయకంటె పెద్దదగుట, లేక రెండు వారములకును తగ్గకుండుట.
- రోగి పసిబిడ్డ, వృద్ధుడు, లేక మధుమేహము గలవాడగుట.

మెడ వెనుకనో వీపుమీదనో పెక్కు నోళ్లతో లేచు పెద్దగడ్డను మన పెద్దలు రాచకురుపు అనెడివారు. ఇది మధుమేహము గలవారికి వచ్చుట హెచ్చు. దీనికి ఇంటి చికిత్స తగదు. ఆసుపత్రిలో ఆ చోటు మొద్దుబారుటకు సూదిమందు ఇచ్చి, చిన్న గాటుతో చీము తీసివేయుదురు. అనేక గడ్డలకు ఆ గాటే చాలును.

మందులషాపులో అడిగి కొన్న బిళ్లలు

బోదెవ్యాధికి, పుండ్లకు ఒకే విధమైన యాంటిబయాటిక్ బిళ్లలు షాపులో కొని రెండు దినములు మింగి మానివేయుట మనలో పలువురికి అలవాటు. ఈ మందుల చరిత్రలో మన జిల్లావాని పాత్ర కలదు. 1895లో భీమవరములో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించియుండగా, బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు అక్కడ ఆరియోమైసిన్ అను మందును కనుగొనెను. అది 1948లో వెల్లడి అయ్యెను. మిస్సోరి విశ్వవిద్యాలయపు వ్యవసాయ పరిశోధన క్షేత్రములోని మట్టినుండి తీసిన సూక్ష్మజీవియే దానికి మూలము.

అట్టి మందులను ఇష్టము వచ్చినట్లు వాడుటచే వాటి బలము తగ్గుచున్నది. ఒకే మందును మోతాదు తప్పి పదేపదే కొట్టిన వరిచేలో సుడిదోమ మందుకు లొంగకపోవుట మీరెరిగినదే. గడ్డల క్రిమియు అట్లే చేయుచున్నది. పెన్సిలిన్‌కు లొంగని వాటికొరకు తయారుచేసిన మెథిసిలిన్‌కు సైతము లొంగని క్రిములు ఇంగ్లండులో 1961 నాటికే కనిపించెను. వైద్యుడు వ్రాసి ఇచ్చిన బిళ్లలనే, చెప్పినన్ని దినములు వాడవలెను. ఇరుగు పొరుగువారికి మిగిలిన బిళ్లలు మీరు వాడరాదు.

గడ్డలు మరల మరల లేచుచున్నచో

ముందుగా రక్తములోని చక్కెర పరీక్ష చేయించుకొనవలెను. మధుమేహమున్న సంగతి కొందరికి మొదట తెలియునది ఇట్టి గడ్డలవలననే. చక్కెర అదుపులోనికి రానిదే గడ్డలు ఆగవు. చక్కెర లేనిచో ఇంటిలో ఎవరి ముక్కులోనో క్రిమి నిలిచి యుండవచ్చును. వైద్యుడు ముక్కులో రాయుటకు మందు ఇచ్చును. ఇంటిల్లిపాదియు దినమును సబ్బుతో స్నానము చేసి, ఎవరి తువాలు వారు వాడుకొనవలెను. క్షౌరమునకు ప్రతి మనిషికి కొత్త బ్లేడు వేయించుకొనవలెను. పిల్లల గోళ్లు వారమునకొకసారి కత్తిరింపవలెను. గజ్జి ఉన్నచో ముందు దానిని మాన్పవలెను.

బోదకాలు గలవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. వాచిన కాలిమీద చిన్న కురుపు లేచినను జ్వరము వచ్చి వాపు హెచ్చును. ప్రతి దినము సాయంకాలము ఆ కాలిని సబ్బునీటితో కడిగి, వ్రేళ్ల సందులు తడి లేకుండ తుడిచి, చిట్లినచోట్లు పరీక్షించుకొనవలెను.

సార్వా నాట్లు మొదలైన పిదప దినమంతయు నీటిలో నిలువవలసి వచ్చును. ఆసుపత్రికి పోవుటకు తీరిక దొరకదు. కనుక ఏడాదిలో రెండుమారులు గడ్డ లేచినవారు కాలువలకు నీరు వదలుటకు ముందే చక్కెర పరీక్ష చేయించుకొనవలెను.